మూడో ఆదివారం అడిగిన ప్రశ్న

ఫ్యాన్లు తిరిగే చప్పుడు ఒక్కటే వినిపించే నిశ్శబ్దం ఒకటుంటుంది. మా చర్చిలో పెళ్ళి ప్రకటన చదివాక వస్తుంది అది. ఫలానా వారి అమ్మాయికీ ఫలానా వారి అబ్బాయికీ వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి అని అయ్యగారు వరసగా మూడు ఆదివారాలు అడుగుతారు. అడిగి కాసేపు ఆగుతారు. ఎవరో దగ్గుతారు, ఏ పిల్లో బిస్కెట్ ప్యాకెట్ చింపుతుంది, అయ్యగారు పేజీ తిప్పేస్తారు. జవాబు ఎవరూ చెప్పరు. చెప్పకూడదని అందరికీ తెలుసు. మొన్న ఆదివారం మా చెల్లెలి మనవరాలు ప్రియ పెళ్ళికి మూడో ప్రకటన. విజయవాడ ఎండల సంగతి తెలిసిందే, ప్లాస్టిక్ కుర్చీ వీపుకి అంటుకుపోయింది. అయ్యగారు అడిగారు. ఫ్యాన్ల చప్పుడు మిగిలింది. చూసుకుంటే నేను లేచి నిలబడి ఉన్నాను. ముందు వరసల్లో వాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి తిరుగుతున్నారు. పక్కన మా ఆయన నా కొంగు పట్టుకుని "ఏమైంది, ఏమైంది" అంటున్నారు. ఏమైందో నాకు తెలిస్తే కదా చెప్పడానికి. మోకాళ్ళ నొప్పులతో ఎవరైనా చెయ్యి అందిస్తే తప్ప లేవలేనిదాన్ని, ఎలా లేచానో ఇప్పటికీ అంతు పట్టలేదు. లేపింది మాత్రం దైవసహాయం మాస్టారే. ఆయన పోయి ఎన్నో ఏళ్ళయింది.

మాది ఉయ్యూరుకి మూడు మైళ్ళ దూరంలో కాలువ గట్టున ఉన్న పల్లె. మాస్టారు మా హైస్కూల్లో లెక్కలూ సైన్సూ చెప్పేవారు. ఇంట్లో పెట్టిన పేరు దైవసహాయం, ఊరు పెట్టిన పేరు "కాదు మాస్టారు". ఎవరేం చెప్పినా ఆయన నోటి నుంచి వచ్చే మొదటి మాట "కాదు". ఎండ మండిపోతోందండీ మాస్టారూ అంటే, కాదు, గాలి ఆడటం లేదు అనేవారు. ఈ ఏడు పంట బాగుందటండీ అంటే, ఎవరన్నారు, ఎక్కడ నిలబడి చూసి అన్నారు అని అడిగేవారు. పలకరింపుగా అన్న మాటకి ఇంత సంజాయిషీ ఎవరు చెప్పుకుంటారు? ఆయన సైకిలు మలుపు తిరుగుతుంటే టీ కొట్టు దగ్గర మనుషులు పేపర్లో తలలు దూర్చేసేవారు. అది ఆయనకి తెలుసో తెలియదో నేను ఎన్నడూ తేల్చుకోలేకపోయాను. ఆయన మాత్రం సైకిలు దిగి, ఆ పేపర్లో రాసింది ఎందుకు నమ్మకూడదో చెప్పి మరీ వెళ్ళేవారు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు, ఫ్యాక్టరీకి పోయే చెరకు బళ్ళు మా స్కూలు ముందు బారులు తీరి ఉన్నాయి. మాస్టారు ఒక బండి తోలే అతన్ని అడిగి రెండు గడలు తెచ్చి బల్ల మీద పెట్టారు. "చెరకు గడలో ఏ భాగం తీపి?" అన్నారు. క్లాసంతా ఒక్క గొంతుతో "మొదలు సార్" అన్నాం. డెల్టాలో పుట్టిన పిల్లల్ని ఇది కూడా అడగాలా? "కాదు" అన్నారాయన. ఒక్కొక్కరి కళ్ళకి రుమాలు కట్టి, మొదలు ముక్క, నడిమి ముక్క, కొస ముక్క వరస మార్చి నోట్లో పెట్టి, ఎవరేం చెప్పారో నల్లబల్ల మీద గీతలు గీశారు. పీరియడ్ అయిపోయింది, పక్క క్లాసువాళ్ళు కిటికీలు పట్టుకుని వేలాడారు, హెడ్మాస్టరు గారు వచ్చి చూసి తల కొట్టుకుని వెళ్ళారు. చివరికి తేలింది ఏమిటంటే మొదలే తీపి. మేము పగలబడి నవ్వాం. మాస్టారు మా అందరికన్నా ఎక్కువ నవ్వారు. "ఇందాక మీరు విన్నది చెప్పారు. ఇప్పుడు మీకు తెలిసింది చెబుతున్నారు. రెండూ ఒకే మాటలా ఉంటాయి గానీ ఒకటి కాదు." అని నా వైపు తిరిగి, "కరుణా, నోటికి మొదట వచ్చే జవాబు నీది కాదు, ఊరిది. ఒక్క క్షణం ఆగి నీది వస్తుందేమో చూడు" అన్నారు. అందరిలో నన్నే ఎందుకు చూసి అన్నారో తెలియదు. ముందు బెంచీలో కూర్చున్నానని కావచ్చు. ఆ మాట మాత్రం ముల్లులా నాలో ఉండిపోయింది.

ఇదే మనిషి మా వీధి చివర దీనమ్మ గారి ఇంటి ముందు చేసిన పని చూశాక ఆయన్ని ఎలా అర్థం చేసుకోవాలో తెలియలేదు. దీనమ్మ గారి ఒక్కగానొక్క కొడుకు ఇరవై ఏళ్ళకే కామెర్లతో పోయాడు. వాకిట్లో శవం ఉంది. అయ్యగారు ప్రార్థన చేసి, "ప్రభువు పిలుచుకున్నాడమ్మా, ధైర్యం తెచ్చుకో" అన్నారు. "కాదండీ" అన్నారు మాస్టారు వెనక నుంచి. "కాలువ నీళ్ళు కాచకుండా తాగడం వల్ల పోయాడు. నీళ్ళు చేసిన పని దేవుడి మీద పెట్టకండి." ఆ తల్లి ఏడుపు ఆపి ఆయన వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంటుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ వారం తిరగకముందే మా పల్లెలో ఆడవాళ్ళందరూ నీళ్ళు కాచి వడబోయడం మొదలుపెట్టారు. దీనమ్మ గారు కూడా. ఆ తర్వాత మా వీధిలో కామెర్లు వచ్చిన గుర్తు లేదు. దీనమ్మ గారు మాస్టారితో జన్మలో మళ్ళీ మాట్లాడలేదు. ఆయన చేసింది మంచో చెడో నన్నడిగితే ఈ రోజుకీ రెండు వైపులా తలూపుతాను.

ఆయన భార్య సువార్తమ్మ పిన్ని, మర్నాడే గిన్నెలో చారూ అన్నమూ పట్టుకుని దీనమ్మ గారింటికి వెళ్ళింది. ప్రతిసారీ అంతే. ఆయన ముందు ఒక మాట విసిరేసి వెళ్ళడం, ఆవిడ వెనకాల గిన్నె పట్టుకుని వెళ్ళడం. "ఈయన మాట అనేసి హాయిగా భోంచేస్తాడమ్మా. ఊరంతటికీ సంజాయిషీ చెప్పుకోలేక నేను చస్తున్నాను" అనేది నాతో. అలా అంటూనే ఆయన చొక్కాకి బొత్తాం కుట్టేది. నేను ట్రైనింగ్ అయిపోయి మా స్కూల్లోనే చిన్న పిల్లలకి టీచరుగా చేరాక వాళ్ళింటికి రోజూ వెళ్ళేదాన్ని. అక్కడ మాత్రమే నేను అనుకున్నది అనుకున్నట్టు మాట్లాడేదాన్ని. అందుకు ఆయన "కాదు" అనేవారు, నేను ఎందుకు కాదో అడిగేదాన్ని, పిన్ని ఇద్దరినీ తిట్టి కాఫీ ఇచ్చేది.

నా పెళ్ళి కుదిరింది. అబ్బాయి పేరు సామ్యేలు. బెజవాడ ఆటోనగర్‌లో వాళ్ళన్నయ్య షెడ్డులో లారీ ఇంజన్లు బాగుచేసేవాడు. పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు చేతులు ఎంత రుద్ది కడుక్కున్నా గోళ్ళ చుట్టూ నల్లటి గ్రీజు పోలేదు. అది కనబడకుండా వేళ్ళు ముడిచి ప్లేటు పట్టుకున్నాడు. నాకు అతను నచ్చింది అప్పుడే. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు. నాన్న, అతని అన్నయ్య, మా సంఘ పెద్దలు మాట్లాడుకున్నారు, అమ్మ నా తలలో పూలు పెట్టి "సంబంధం ఖాయమైంది" అంది. మాస్టారు ఓసారి, "నిన్ను అడిగారా?" అన్నారు. "అడగక్కర్లేదు మాస్టారూ, నాకు ఇష్టమే" అన్నాను. "నేను అడిగింది అది కాదు" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. అక్కడ నవ్వకుండా ఉండాల్సింది.

మొదటి ఆదివారం ప్రకటన చదివారు, రెండో ఆదివారం చదివారు. మూడో ఆదివారానికి ముహూర్తం మాట్లాడుకోవడానికి సామ్యేలు, వాళ్ళ అన్నావదినలూ బెజవాడ నుంచి బస్సులో వచ్చారు. మా ఊరి చర్చిలో అప్పట్లో చాపల మీద మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు కూర్చునేవాళ్ళం. అయ్యగారు అభ్యంతరం ఉంటే చెప్పమన్నారు. పేజీ తిప్పబోతుంటే మగవాళ్ళ వైపు నుంచి మాస్టారు లేచారు.

"అభ్యంతరం కాదండీ, ఒక్క సంగతి. అమ్మాయిని అడిగారా?"

"పెద్దలందరూ మాట్లాడుకున్నారు మాస్టారూ, కూర్చోండి" అన్నారు అయ్యగారు.

"పెద్దల సంగతి కాదండీ, అమ్మాయి సంగతి. ఇక్కడే ఉంది కదా, అడగండి."

అయ్యగారు మంచివారు, గొడవ పెరగకుండా చూద్దామనుకున్నారు పాపం. నా వైపు తిరిగి, "ఏమ్మా కరుణా, నీకు ఇష్టమేనా?" అన్నారు. చర్చి చర్చంతా నా మొహంలోకి చూసింది. ఇష్టమే అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే చెరకు ముక్కలు గుర్తొచ్చాయి. ఇది నాదేనా, ఊరిదా? అమ్మ పెట్టిన పూల వల్ల అనుకుంటున్నానా, ఆ గ్రీజు వేళ్ళ వల్ల అనుకుంటున్నానా? ఆగి చూద్దామనుకున్నాను. ఒక్క క్షణమే అనుకున్నాను. ఎంతసేపు ఆగానో నాకు తెలియదు. అమ్మ తొడ మీద గట్టిగా గిల్లింది. నేను నోరు తెరిచేసరికి సామ్యేలు అన్నయ్య చాప మీద నుంచి లేచి, "పిల్లకి ఇష్టం లేనట్టుంది, మాకు ముందే చెప్పాల్సింది" అని చెప్పులేసుకుని బయటికి నడిచాడు. వెనకాల వదిన వెళ్ళింది. సామ్యేలు ఒకసారి నా వైపు చూసి తలవంచుకుని వెళ్ళాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మాస్టారు ఇంకా నిలబడే ఉన్నారు, నా జవాబు కోసం.

మా ఇంట్లో ఆ వారం పొయ్యి సరిగ్గా వెలగలేదు. సంఘ పెద్దలు మాస్టారిని పిలిచి, వచ్చే ఆదివారం అందరి ముందూ క్షమాపణ చెప్పమన్నారు. లేకపోతే సంస్కారం ఇచ్చేది లేదన్నారు, అంటే ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఆయనకి ఉండవు. మాలో ఒక మనిషిని వెలివేయడానికి అంతకన్నా పెద్ద మాట లేదు. మాస్టారు, "రెండు వారాలు మర్యాదకి అడిగారనుకున్నాను. మూడోసారి కూడా అడిగితే నిజంగానే తెలుసుకోవాలనుకుంటున్నారేమో అనుకున్నాను. జవాబు వద్దనుకుంటే అడగడం మానండి" అని లేచి వచ్చేశారట. పిన్ని నాకు చెబుతూ ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేసింది.

ఆ గురువారం మధ్యాహ్నం సామ్యేలు ఒక్కడే మా స్కూలుకి వచ్చాడు. పిల్లలు పలకల మీద గుణింతాలు రాస్తున్నారు. వరండాలో నిలబడి, "మీకు ఇష్టం లేకపోతే ఫర్వాలేదండి. నాకు తెలియాలి, అంతే" అన్నాడు. నేను జరిగింది చెప్పాను, చెరకు ముక్కలతో సహా. చెబుతుంటే నాకే పిచ్చిదాన్లా అనిపించింది. అతను శ్రద్ధగా విన్నాడు. "తిప్పగానే స్టార్టు కాలేదని ఇంజను పాడైందనుకోమండి. కాసేపు ఆగి మళ్ళీ తిప్పుతాం. మళ్ళీ అడుగుతున్నాను, మీకు ఇష్టమేనా?" అన్నాడు. "ఇష్టమేనండి" అన్నాను. ఆ జవాబు నాదే, ఎవరు వచ్చి అడిగినా ప్రమాణం చేసి చెబుతాను. మాస్టారు ఆ రోజు లేచి ఉండకపోతే ఈ మాట నన్ను ఎవరూ అడిగి ఉండేవారు కాదు. నేను నా నోటితో చెప్పి ఉండేదాన్నీ కాదు. ఇదంతా ఆయన పుణ్యమే అని ఒక మనసు, ఆయన వల్ల ఇల్లంతా నవ్వులపాలైందని ఇంకో మనసు.

పెళ్ళి మళ్ళీ నిలబడింది. బావగారు పెట్టిన షరతు ఒక్కటే, ఆ మాస్టారు పెళ్ళిలో కనబడకూడదు, ఆయన్ని వెనకేసుకొచ్చే వాళ్ళతో మాకు వియ్యం వద్దు. ఆ శనివారం పొద్దున్నే పిన్ని వచ్చింది. చేతిలో గిన్నె లేదు. అలా ఉత్త చేతులతో రావడం నేను ఎప్పుడూ చూడలేదు. "రేపు ఆఖరి గడువమ్మా. ఆయన క్షమాపణ చెప్పడు, చచ్చినా చెప్పడు. నువ్వు పెద్దలతో ఒక్క మాట అను. నన్ను ఎవరూ అడగని మాట నిజమే, మాస్టారు అడిగింది తప్పు కాదు అని. పెళ్ళికూతురు చెబితే ఊరుకుంటారు. నాకు ఈ పల్లె తప్ప ఇంకో పల్లె లేదు" అంది. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. "అది ఇప్పుడు నోరు విప్పితే పెళ్ళి ఆగిపోతుంది సువార్తమ్మా, నీకు దణ్ణం పెడతాను" అంది. పిన్ని నా వైపే చూస్తోంది. ఈసారి నాకు చెరకు ముక్కలేమీ గుర్తు రాలేదు. జవాబు ఏమిటో నాకు స్పష్టంగా తెలుసు. తెలిసే మాట్లాడలేదు. పిన్ని చెంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది. మరుసటి నెలలో బెజవాడలో నా పెళ్ళయింది. మాస్టారికి శుభలేఖ వెళ్ళలేదు.

తర్వాత సంగతులు అమ్మ ద్వారా తెలిసేవి. ఊళ్ళో ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదట. అనకపోవడమే శిక్ష. ఎవరింట్లో ప్రార్థన పెట్టుకున్నా చెప్పేవారు కాదు, ఎవరు పోయినా కబురు చేసేవారు కాదు. టీ కొట్టు దగ్గర ఆయన "కాదు" అంటే, "అవునండీ, మీరు చెప్పిందే నిజం" అని లేచి వెళ్ళిపోయేవారట. ఎదురు చెప్పే మనిషికి అంతకన్నా శిక్ష ఏముంటుంది? ఆరు నెలల్లో ఆయన బందరు అవతల సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పల్లెలో బడికి బదిలీ చేయించుకుని వెళ్ళిపోయారు.

నాకు పెద్దవాడు పుట్టాక, వాణ్ణి ఎత్తుకుని మా ఆయనతో కలిసి ఆ పల్లెకి వెళ్ళాను. బస్సు దిగి, "దైవసహాయం మాస్టారి ఇల్లెక్కడండీ" అని ఇసుక మీద చేపలు ఎండబెడుతున్న ఒకావిణ్ణి అడిగితే, "ఎవరూ, కాదు మాస్టారా?" అంది. మా ఆయనకి నవ్వాగలేదు. మాస్టారు చిక్కిపోయారు. మమ్మల్ని చూసి ఆయన మొహం ఎంత వెలిగిందో చెప్పలేను. ఆ ఊళ్ళో చేపలు ఎండబెట్టే పద్ధతి ఎందుకు తప్పో చెప్పడం మొదలుపెట్టారు. నేను ఆపేశాను.

"మాస్టారూ, ఆ రోజు పెద్దల ముందు నేను మాట్లాడాల్సింది. నాదే తప్పు."

"కాదు" అన్నారు వెంటనే. "నువ్వు మాట్లాడి ఉంటే అది సువార్త చెప్పించిన మాట అయ్యుండేది. ఊరుకోవడమే సరైంది."

"అయితే నేను చేసింది సరైనదే అంటారా?"

"అలా అని ఎందుకు అనుకోవాలి?" అన్నారు.

ఆయన నన్ను క్షమించారా, నేనేం అన్నా దానికి ఎదురు చెప్పాలి కాబట్టి చెప్పారా? అప్పుడు తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. లోపలి నుంచి పిన్ని గిన్నె పట్టుకుని వచ్చింది. "ఆయన్ని అడిగి ఏం లాభమమ్మా. నన్నడుగు, నేను చెబుతాను. నేను నిన్ను ఇంకా క్షమించలేదు. కూర్చో, భోంచేసి వెళుదురుగాని" అని పిల్లవాణ్ణి నా చేతుల్లోంచి తీసుకుంది. ఆవిడ పెట్టిన చేపల పులుసు కళ్ళనీళ్ళతో కలిపి తిన్నాను. ఆ ఇంట్లో నాకు అర్థమైన మాట పిన్ని అన్నదొక్కటే.

బస్సు దాకా మాస్టారు మాతో వచ్చారు. బస్సు కదలడానికి ఇంకా చాలా టైముంది, వెళ్ళండి మాస్టారూ అంటే వెళ్ళలేదు. కిటికీ చువ్వ పట్టుకుని నిలబడి, ఉన్నట్టుండి, "కరుణా, ఎవరైనా ఒక మాట అంటే అవును అనాలనే ఉంటుంది నాకు. నోరు తిరగదు. ఇది తెలివో జబ్బో నాకూ తెలియదు" అన్నారు. మా ఆయన కిటికీలోంచి, "ఈసారి మా షెడ్డుకి రండి మాస్టారూ, అక్కడ అందరం రోజంతా పోట్లాడుకుంటాం" అన్నారు. "వస్తాను" అన్నారాయన. కాదు అనకుండా ఆయన ఇచ్చిన జవాబు నేను విన్నది అదొక్కటే. రాలేదు. రెండేళ్ళకి ఆయన పోయారని పిన్ని కార్డు రాసింది. అది మాకు అందేసరికి సమాధి చేసి వారమైంది.

ఇన్నేళ్ళలో నేను ఎవరికీ వెంటనే జవాబు చెప్పలేదు. కూర ఏం చేయమంటావని కోడలు అడిగినా ఒక్క క్షణం ఆగుతాను, ఇంట్లో వాళ్ళు విసుక్కుంటారు. ఆ ఆగడం మాస్టారు ఇచ్చిందే. దాని వల్ల నాకు ఒరిగిందెంతో పోయిందెంతో తెలియదు. చెప్పాల్సిన రోజున జవాబు తెలిసీ చెప్పలేదన్నది మాత్రం నా సొంతం, అది ఆయన నేర్పింది కాదు.

మొన్న చర్చిలో అలా నిలబడి ఉంటే, ప్రియ మొహం పాలిపోయింది. వియ్యాలవారి వైపు గుసగుసలు మొదలయ్యాయి. అయ్యగారు చిన్నవాడు, కంగారు పడ్డారు. "అమ్మా, మీకు ఏదైనా అభ్యంతరమా?" అన్నారు. నేను ప్రియ వైపు చూశాను. ఈ పిల్లని నేనే అడిగాను, నెల కిందట, మా వంటింట్లో. ఇష్టమే అమ్మమ్మా అంది, కాసేపు ఆగి మరీ చెప్పింది.

"లేదండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మూడుసార్లు అడిగారు కదా, జవాబు చెబుదామని లేచాను. నాకు ఏ అభ్యంతరమూ లేదు. అమ్మాయిని అడిగాం."

అందరూ నవ్వారు. ముసలావిడ చాదస్తమనుకుని ఉంటారు. అయ్యగారు నవ్వుతూ పేజీ తిప్పారు. నేను కూర్చోవడానికి మా ఆయన చెయ్యి అందించారు. డెబ్భై అయిదేళ్ళు దాటినా ఆ గోళ్ళ చుట్టూ నలుపు పోలేదు. నా చెవి దగ్గరికి వంగి, "ఇప్పటికి చెప్పావన్నమాట" అన్నారు.